పాత స్కూటర్‌కు ముందు ఇంజన్, ఆఖరున రంగు

సంపాదకులకు నమస్కారం.

విషయం: పాత స్కూటర్లను బాగుచేయించుకుంటున్న వారికి కొన్ని సూచనలు, అధికారులకు రెండు విన్నపాలు.

హన్మకొండ, కాజీపేట, వరంగల్ వీధుల్లో చేతక్‌లు, విజయ్ సూపర్‌లు, ఎల్ఎంఎల్ వెస్పాలు మళ్లీ కనిపిస్తున్నాయి. గోదావరిఖని, మందమర్రి, భూపాలపల్లి సింగరేణి క్వార్టర్లలో ఏళ్ల తరబడి గోనెసంచి కప్పుకుని గోడకు ఆనుకున్న బండ్లను మనవళ్లు బయటికి లాగుతున్నారు. తూకానికి పోవాల్సిన బండి రోడ్డెక్కితే సంతోషమే. కానీ ఈ పనిలో చాలామంది వెనకది ముందు చేస్తున్నారు. మొదటి రోజే డెంటింగ్, పెయింటింగ్ షాపుకు తీసుకెళ్తారు. తళతళలాడే రంగు, క్రోమ్ పూత, కొత్త సీటుతో చేతిలో డబ్బంతా అక్కడే అయిపోతుంది. తర్వాత ఇంజన్ విప్పాల్సి వస్తే కొత్త రంగు మీద స్పానర్ గీతలు, పెట్రోలు మరకలు పడతాయి. అప్పటికి విసుగొచ్చి బండి మళ్లీ గోడ పక్కకే చేరుతుంది. ముందు కాగితాలు, తర్వాత ఇంజన్, ఆపైన చక్రాలు, బ్రేకులు, వైర్లు, అన్నీ అయ్యాక రంగు. ఈ వరుస ఎందుకో వివరంగా రాస్తున్నాను.

కాగితాలు ముందు అనడానికి కారణం ఉంది. బండికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఆ తర్వాత ప్రతి 5 ఏళ్లకు ఫారం 25తో రెన్యువల్ చేయించుకోవాలి. బండి చనిపోయిన తాతగారి పేరున ఉంటే ఫారం 31తో వారసుల పేరుకు మార్చుకోవాలి. కొన్న బండి అయితే ఫారం 29, 30. వేరే రాష్ట్రం నుంచి వస్తే ఫారం 28 ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) లేకుండా పైసా ఇవ్వొద్దు. ఈ దారుల్లో ఏదీ కుదరని బండి మీద వేలు ఖర్చు పెట్టడం అంటే ఇంట్లో దాచుకునే బొమ్మ మీద పెట్టడమే.

ఆర్టీఏ ఆఫీసులో ఛాసిస్ నంబరు ప్రింటు అడుగుతారు. నంబరు మీద పారదర్శకమైన టేపు గానీ పలచని కాగితం గానీ పెట్టి పెన్సిల్‌తో రుద్ది తీసే ప్రింటు అది. చేతక్‌లో పక్క కవరు తీస్తే బాడీ రేకు మీదే ఛాసిస్ నంబరు గుద్ది ఉంటుంది. ఇంజన్ నంబరు వెనక షాక్ అబ్జార్బర్ బిగించే చోటికి దగ్గరలో, ఇంజన్ కేసు మీదే ఉంటుంది. పెయింటరు ఆ అంకెల మీద లప్పం రాసి, ప్రైమర్ కొట్టి, పైన మూడు కోట్లు రంగు వేస్తే గాట్లు పూడిపోతాయి. ప్రింటు రాదు. అంకెల కోసం ఉలితో, గరుకు కాగితంతో గీకితే నంబరు దిద్దారేమోనన్న అనుమానం వస్తుంది. అందుకే రంగుకు ముందే కిరోసిన్‌తో తుడిచి నాలుగు ప్రింట్లు తీసి పెట్టుకోండి. నంబరు ఉన్న చోట మాస్కింగ్ టేపు అంటించి, ఆఖరున ఒక్క పలచని కోటు మాత్రం వేయమనండి.

50 ఏళ్లు దాటిన, అసలు రూపం పెద్దగా మారని బండికి ఇంకో దారి ఉంది. 2021లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో వింటేజ్ వాహనాల కోసం కొత్త నియమాలు చేర్చారు. ద్విచక్ర వాహనాలకూ అవి వర్తిస్తాయి. నంబరులో రాష్ట్రం కోడ్ తర్వాత ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, తిరిగి రిజిస్ట్రేషన్‌కు 5,000, గడువు 10 ఏళ్లు. కానీ ఆ నంబరు తీసుకున్నాక బండిని రోజూ కూరగాయలకు, ఆఫీసుకు నడపకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతులు, పెట్రోలు పోయించుకోవడం వంటి వాటికే అనుమతి. రోజూ తిరగాలనుకునే వారు మామూలు రెన్యువల్‌తో ఉండటమే మేలు.

ఏ బండి బాగుచేసుకోవాలన్నది విడిభాగాల మీద ఆధారపడి ఉంటుంది. బజాజ్ వాళ్లు 1960 నుంచి ఇటలీ పియాజియో లైసెన్సుతో వెస్పా 150 తయారుచేశారు. 1971లో ఆ లైసెన్సు ముగిసింది. 1972లో రాణా ప్రతాప్ గుర్రం పేరుతో చేతక్ వచ్చింది. మూడు దశాబ్దాలకు పైగా తయారైన బండి కాబట్టి దాని సామాను దొరకని ఊరు లేదు. లాంబ్రెటా వంశం వేరు. ఇటలీలోని ఇన్నోసెంటి కంపెనీ యంత్రాలను కొని లక్నోలో స్కూటర్స్ ఇండియా తయారుచేసిన విజయ్ సూపర్, మన హైదరాబాద్ పేరు మోసిన ఆల్విన్ పుష్పక్ ఆ జాతివి. వాటిలో గొట్టాల ఫ్రేము, నడుమ ఇంజన్, లోపల చైను. వెస్పా జాతిలో రేకు బాడీయే ఫ్రేము, ఇంజన్ కుడి పక్కన, గేర్ల నుంచి నేరుగా చక్రానికి. లాంబ్రెటా సామాను కోసం హైదరాబాద్‌కో ఇంకా పైకో వెతుక్కోవాలి. మొదటిసారి చేయించుకునేవారు చేతక్‌తో మొదలుపెడితే మంచిదని నా గట్టి అభిప్రాయం. ఇంట్లో ఉన్నది విజయ్ సూపర్ అయితే మాత్రం దాన్ని అమ్మి చేతక్ కొనకండి. ఓపిక పట్టండి.

ఈ రెండింటి గేరాయిల్ విషయంలో జరిగే పొరపాటు చూస్తే బాధ కలుగుతుంది. చేతక్ గేర్‌బాక్స్‌లో పట్టేది 250 మిల్లీలీటర్లు, 30 నంబరు నూనె. విజయ్ సూపర్‌లో 700 మిల్లీలీటర్లు, 90 నంబరు. చేతక్‌లో 90 పోస్తే నూనె చిక్కదనానికి క్లచ్ ప్లేట్లు విడివడవు. గేరు వేయగానే బండి ముందుకు దూకుతుంది, న్యూట్రల్ దొరకదు. విజయ్ సూపర్‌లో 30 పోస్తే గేర్లు, చైను త్వరగా అరుగుతాయి. ఇంట్లో మిగిలిన కారు ఇంజనాయిల్ అయితే రెంటిలోనూ పోయకూడదు. కొన్నింటిలో రాపిడి తగ్గించే మందులు కలుపుతారు, వాటితో క్లచ్ జారుతుంది.

ఇక ఇంజన్. పాత స్కూటర్ అనగానే తెలుగువాళ్లందరికీ గుర్తొచ్చేది బండిని పక్కకు వంచి, ఒక క్షణం ఆగి, నిలబెట్టి కిక్కు కొట్టడం. అదేదో బండికి పుట్టుకతో వచ్చిన అలవాటని చాలామంది నమ్ముతారు. వంచినప్పుడు కార్బరేటర్ గిన్నెలోని పెట్రోలు కొంచెం పొంగి గొంతులోకి చేరుతుంది. చల్లటి ఇంజన్‌కు చిక్కటి మిశ్రమం కావాలి కాబట్టి అంటుకుంటుంది. అంటే చోక్ చేయాల్సిన పనిని మన నడుము చేస్తోందన్నమాట. వంచితే గానీ స్టార్ట్ కాని బండిలో చోక్ వైరు సాగి ఉంటుంది, లేదా ఐడిల్ జెట్టులో, అంటే పెట్రోలు వచ్చే సన్న రంధ్రమున్న ఇత్తడి ముక్కలో, చెత్త ఇరుక్కుని ఉంటుంది. జెట్టును గాలి కొట్టి శుభ్రం చేయాలి, సన్న తీగతో పొడవకూడదు. ఇత్తడి రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైనా తర్వాత ఎంత సెట్ చేసినా కుదరదు. వెనక ఉన్న మిక్చర్ స్క్రూను మెల్లగా చివరిదాకా బిగించి, ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పితే మొదటి సెట్టింగు దొరుకుతుంది. ఇంజన్ వేడెక్కాక అక్కడి నుంచి అటూ ఇటూ చూసుకోవాలి. కార్బరేటర్‌ను పట్టి ఉంచే రెండు నట్లను బలం కొద్దీ బిగిస్తే దాని ఒళ్లు వంకరపోయి లోపలి స్లైడ్ పట్టేస్తుంది. అప్పుడు యాక్సిలరేటర్ వదిలినా రేసు తగ్గదు.

రేసు తగ్గకపోవడానికి అంతకంటే ప్రమాదకరమైన కారణం ఇంకొకటి ఉంది. దాన్ని కాస్త నిదానంగా చెప్పాలి. ఈ పాత స్కూటర్లవన్నీ టూ స్ట్రోక్ ఇంజన్లు. వాటిలో పిస్టన్ కింద క్రాంకు తిరిగే గదిలోకి బయటి గాలి చొరబడకూడదు. క్రాంకుకు రెండు పక్కలా ఆయిల్ సీళ్లు ఉంటాయి, ఒకటి కరెంటు పుట్టించే మాగ్నెట్ వైపు, ఒకటి క్లచ్ వైపు. బండి ఏళ్ల తరబడి ఆగిపోతే సీలు రబ్బరు ఎండి అంచు గట్టిపడుతుంది. క్లచ్ వైపు సీలు పోతే ఇంజన్ గేరాయిల్‌ను లోపలికి పీల్చుకుని కాలుస్తుంది. అరగంట నడిపాక కూడా తెల్లటి పొగ ఆగదు, ప్లగ్గు నూనెతో తడిసి ఉంటుంది. గేరాయిల్ కింద వంపి కొలిస్తే 250కి బదులు 150 వస్తుంది, లేదా నూనె పెట్రోలు వాసన కొడుతుంది. అది కనపడే రోగం కాబట్టి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తారు.

మాగ్నెట్ వైపు సీలు పోతే పొగ రాదు. బయటి గాలి లోపలికి చేరి మిశ్రమం పలచబడుతుంది. బండి మామూలు కన్నా చురుగ్గా ఉన్నట్టు అనిపిస్తుంది, యాక్సిలరేటర్ వదిలినా రేసు నెమ్మదిగా దిగుతుంది, ప్లగ్గు తెల్లగా సున్నం పట్టినట్టు అవుతుంది. దీన్ని స్క్రూ తిప్పి సరిచేయబోతారు. ఐడిలింగ్ సరిపోతుంది, సీలు అలాగే ఉంటుంది. మే నెలలో 44 డిగ్రీల ఎండలో ములుగు రోడ్డు మీద 60 వేగంతో పోతుంటే పిస్టన్ సీజై, అంటే వేడికి సిలిండర్‌లో పట్టేసి, వెనక చక్రం ఒక్కసారిగా బిగుసుకుంటుంది. అలాంటి క్షణంలో క్లచ్ నొక్కిన వాడు నిలబడతాడు. టూ స్ట్రోక్ బండి నడిపేటప్పుడు ఎడమ చేతి రెండు వేళ్లు ఎప్పుడూ క్లచ్ మీద ఉండాలని పాత మెకానిక్‌లు చెప్పేది ఇందుకే.

కాబట్టి ఐదారేళ్లు ఆగిన బండికి, ఇంజన్ బాగానే స్టార్ట్ అయినా సరే, రెండు సీళ్లూ మార్చాల్సిందే. క్లచ్ వైపు సీలు కోసం ఇంజన్ కేసులు విడదీయాలి. విడదీశాక బేరింగులు, ఓ రింగులు, గాస్కెట్లు కూడా ఒకేసారి కొత్తవి వేయించండి. రెండోసారి విప్పే కూలీతో పోలిస్తే వాటి ధర ఏపాటిది? సీలు కొనేటప్పుడు వైటాన్ అనే రబ్బరు రకం అడగండి. ఇప్పటి పెట్రోలుకు అది తట్టుకుంటుంది.

కేసులు విడదీసినప్పుడే గేర్ క్రాస్ కూడా చూడాలి. నాలుగు చేతుల ఇనుప ముక్క అది. గేరు మార్చినప్పుడు షాఫ్టులో జారుతూ ఒక్కో పళ్లచక్రాన్ని పట్టుకుంటుంది. దాని అంచులు గుండ్రంగా అరిగితే గేరు దానంతట అదే జారి న్యూట్రల్‌లో పడుతుంది. గేరు వైర్లు ఎంత బిగించినా ఆగదు. కొత్త ముక్క వేలు చూపిస్తే గీసుకునేంత పదునుగా ఉంటుంది. పాతదాన్ని పక్కన పెట్టి చూస్తే తేడా చిన్నపిల్లలకు కూడా తెలుస్తుంది.

కనెక్టింగ్ రాడ్డును పట్టుకుని పక్కలకు ఊపితే కొంచెం కదలడం సహజం. పైకీ కిందికీ లాగితే మాత్రం ఏమాత్రం కదలకూడదు. కదిలితే క్రాంకు పిన్ను మార్చాలి. ప్రెస్సులో పిన్ను మార్చి ఇచ్చేస్తే పని అయిపోదు. డయల్ గేజీ మీద తిప్పి, రెండు చివర్ల వంకర 0.03 మిల్లీమీటర్ల లోపు ఉందో లేదో మీ కళ్లముందు చూపించమనండి. చేతక్‌లో ఇంకో విశేషం ఉంది. కార్బరేటర్ నుంచి వచ్చే మిశ్రమాన్ని తెరిచి మూసే వాల్వు వేరే ఉండదు, క్రాంకు చక్రపు అంచే ఆ పని చేస్తుంది. అంచుకూ కేసుకూ మధ్య వెంట్రుకంత సందు. ఆ రంధ్రంలో చిన్న ఇసుక రేణువు పడి గీత పడితే ఇంజన్ ఇక ఎప్పటికీ సరిగా ఐడిలింగ్ చేయదు. కార్బరేటర్ విప్పిన మరుక్షణం ఆ రంధ్రంలో శుభ్రమైన గుడ్డ కుక్కాలి. వీధి పక్కన దుమ్ములో కార్బరేటర్ విప్పి నోరు తెరిచి వదిలేసే చోట బండి పెట్టకండి.

చేతక్ సిలిండర్ బోరు 57 మిల్లీమీటర్లు, స్ట్రోకు కూడా 57, అంటే 145 సీసీ పైచిలుకు. పిస్టన్లు 0.25 చొప్పున పెద్ద సైజులు వస్తాయి. లేతు వాడికి సిలిండర్ ఒక్కటే ఇచ్చి బోరు కొట్టమనకూడదు. కొన్న పిస్టన్‌ను చేతికిచ్చి దాని కొలతకు కొట్టమనాలి. ఒకే సైజని రాసి ఉన్న రెండు పిస్టన్ల మధ్య కూడా తేడా ఉంటుంది. బోరు అయ్యాక పోర్టుల (సిలిండర్ గోడలోని రంధ్రాల) అంచులను సన్నటి ఆకురాయితో మొద్దు చేయాలి. ఈ పని పది నిమిషాలది, వరంగల్‌లో సగం చోట్ల ఎగ్గొడతారు. పదునుగా వదిలేస్తే రింగు ఆ అంచుకు తట్టుకుని విరిగి సిలిండర్‌ను గీకేస్తుంది. రింగును ఒంటరిగా సిలిండర్‌లో పెట్టి చూస్తే దాని చివర్ల మధ్య సందు 0.2 నుంచి 0.35 మిల్లీమీటర్లు ఉండాలి. పిస్టన్ మీది బాణం సైలెన్సర్ పోర్టు వైపు చూడాలి. బోరు తర్వాత మొదటి 500 కిలోమీటర్లు 40 దాటకుండా, ఒకే వేగంలో పట్టి ఉంచకుండా, పెంచుతూ తగ్గిస్తూ నడపాలి.

ఇంధనం సంగతి ఇప్పుడు మునుపటి కంటే ముఖ్యమైంది. బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వాన కాలంలో రెండు నెలలు కదలకుండా ఉన్న బండి ట్యాంకు అడుగున నీరు చేరుతుంది, రేకు తుప్పు పడుతుంది. పాత రబ్బరు పైపు మెత్తబడి ఉబ్బుతుంది. కార్బరేటర్ గిన్నెలోకి పెట్రోలును ఆపే ఫ్లోట్ నీడిల్ చివరి రబ్బరు కూడా అంతే, అది సరిగా మూసుకోక రాత్రంతా పెట్రోలు క్రాంకు గదిలోకి కారుతుంది. బండి ఆపగానే పెట్రోలు ట్యాపు మూసే అలవాటు తప్పనిసరి. పైపు, నీడిల్, ట్యాపు వాషరు మూడూ మార్చండి. నెలకు మించి నడపరని తెలిస్తే ట్యాంకు ఖాళీ చేసి, కార్బరేటర్ కూడా ఎండేదాకా నడిపి ఆపండి. ఇథనాల్ వల్ల మిశ్రమం కొంచెం పలచబడుతుంది. ప్లగ్గు ఇటుక రంగులో కాకుండా తెల్లగా కనిపిస్తుంటే, సీళ్లు బాగున్నాయని తేల్చుకున్న తర్వాతే, మెయిన్ జెట్టు ఒక సైజు పెంచాలి.

టూ స్ట్రోక్ ఇంజన్ కోసం పెట్రోలులో కలిపే టూటీ ఆయిల్ లీటరుకు 20 మిల్లీలీటర్లు. కొత్త బోరుకు మొదట్లో 30. విజయ్ సూపర్‌కు 40 అని పాత లెక్క. బంకులో ఆయిల్ కలిపి పోసే రోజులు పోయాయి కాబట్టి సీసా, కొలత మూత డిక్కీలో ఉండాలి. ట్యాంకులో ముందు ఆయిల్, పైన పెట్రోలు పోస్తే కలుస్తుంది. తిరగేస్తే ఆయిల్ అడుగున చేరి ట్యాపును పట్టేస్తుంది. ఇంజన్ మీద ప్రేమతో ఆయిల్ ఎక్కువ పోసేవారున్నారు. ఆయిల్ ఎంత పెరిగితే ఆ మేరకు పెట్రోలు తగ్గుతుంది, మిశ్రమం పలచబడి ఇంజన్ ఇంకా వేడెక్కుతుంది. పైగా సైలెన్సర్ మసితో మూసుకుపోయి బండి 40 దాటదు.

మాగ్నెట్ ఫ్యాను మీది కవరు, సిలిండర్ చుట్టూ ఉండే రేకు తొడుగు అందం కోసమో, పోగొట్టుకునో వదిలేస్తున్నారు. ఆ తొడుగు లేకపోతే ఫ్యాను గాలి సిలిండర్ రెక్కలకు తగలదు. మన ఎండల్లో అది ఇంజన్‌ను చేజేతులా కాల్చుకోవడమే. ప్లగ్గుకు నిప్పురవ్వ పంపే కాంటాక్ట్ పాయింట్ సందు 0.4, ప్లగ్గు సందు 0.6 మిల్లీమీటర్లు. మాగ్నెట్‌ను పుల్లర్‌తోనే తీయాలి, సుత్తి దెబ్బలతో కాదు.

చక్రాల్లో ప్రాణాలకు సంబంధించిన మాట ఒకటి ఉంది. స్కూటర్ రిమ్ము రెండు ముక్కలు, వాటిని కలిపి పట్టే నట్లు ఒక వరుస, హబ్బుకు పట్టే నట్లు ఇంకో వరుస. గాలి ఉన్న చక్రంలో రిమ్ము నట్లు విప్పితే రెండు ముక్కలూ పేలినట్టు ఎగిరి మొహానికి తగులుతాయి. పంక్చరు చేసే ముందు వాల్వు పిన్ను తీసి గాలి పూర్తిగా వదలండి. కొత్త కుర్రాళ్లకు ఇది తెలియదు, వాళ్లు పెరిగింది బైకుల మధ్య. చేతక్ టైరు 3.50-10. ముందు 18 పౌండ్లు, వెనక ఒక్కరికైతే 25, ఇద్దరికైతే 36. ముందు చక్రంలో గాలి ఎక్కువ కొట్టిస్తే తడి రోడ్డు మీద జారుతుంది.

క్లచ్, గేరు వంటి వైర్లు మార్చేటప్పుడు పాత వైరు చివర సన్న తీగ కట్టి లాగాలి. ఆ తీగ గొట్టంలో మిగులుతుంది, కొత్త వైరును దాంతో లాగేస్తే చాలు. తీగ కట్టకుండా పీకేస్తే కొత్త వైరు దూర్చడానికి పూట గడుస్తుంది. కార్కు క్లచ్ ప్లేట్లను బిగించే ముందు రాత్రంతా గేరాయిల్‌లో నానబెట్టాలి.

ఇవన్నీ అయి, రంగు లేకుండానే బండి రెండు వందల కిలోమీటర్లు తిరిగాక పెయింటరు దగ్గరికి వెళ్లండి. ఈలోపు ఎక్కడ లీకు ఉందో, ఏ బోల్టు వదులవుతుందో తేలిపోతుంది. బాడీలో తుప్పు పట్టే చోట్లు అందరికీ ఒకటే: బ్రేకు పెడల్ కింది ఫ్లోరు, రబ్బరు పట్టీల అడుగు, స్టాండు బిగించే రంధ్రాలు, స్టెప్నీ వెనక భాగం. స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచి చూడండి. దిగితే ఆ రేకు పోయినట్టే. దాని మీద లప్పం రాస్తే ఒక్క వానకాలం కూడా ఆగదు. పొలాల వైపు తిరిగే బండ్లకు నల్లరేగడి మట్టి ఫ్లోరు అడుగున పట్టి తేమను నెలల తరబడి వదలదు, అక్కడ ఇంకా జాగ్రత్త. ఫ్లోరు కోసే ముందు హ్యాండిల్ గొట్టం నుంచి సీటు కింది భాగానికి ఒక ఇనుప కడ్డీ అడ్డంగా వెల్డింగ్ చేయించాలి. చేతక్‌లో రేకే ఫ్రేము కదా, కడ్డీ లేకుండా కోస్తే బాడీ వంగిపోతుంది, తర్వాత బండి ఎప్పుడూ ఒక పక్కకు లాగుతుంది. కొత్త ముక్కకు 18 గేజీ రేకు సరిపోతుంది.

లప్పం రెండు మిల్లీమీటర్లకు మించితే అది డెంటరు పని ఎగ్గొట్టినట్టే. కొనే బండికి చిన్న అయస్కాంతాన్ని పలచని గుడ్డలో చుట్టి పక్క కవర్ల మీద జరిపితే తెలిసిపోతుంది, లప్పం మందంగా ఉన్న చోట పట్టు వదులుతుంది. ఉత్త రేకు మీద ముందు ఎపాక్సీ ప్రైమర్, దాని మీద లప్పం. ముసురు పట్టిన రోజుల్లో రంగు కొట్టించకండి. గాలిలో తేమకు మెరుపు పోయి తెల్లగా పాలిపోతుంది. బండి అసలు రంగు తెలుసుకోవాలంటే పెట్రోలు ట్యాంకు ఎత్తి దాని కింద చూడండి, ఏ పెయింటరూ అక్కడ రంగు మార్చడు. ఆర్‌సీలో రాసిన రంగు కాక వేరే రంగు వేయిస్తే ఆ మార్పును ఆర్‌సీలో రాయించుకోవాలి.

సొంత రుచికి అలంకరించుకోవడం తప్పు కాదు, అందులోనే ఆనందం. కానీ మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చి చెప్పింది. పెద్ద సిలిండర్ కిట్లు, వేరే బండి ఇంజన్, కోసి పొట్టి చేసిన బాడీ, చెవులు చిల్లులు పడే సైలెన్సర్లు ఆ కోవలోకే వస్తాయి. ఖాళీ సైలెన్సర్ టూ స్ట్రోక్ బండికి బలం పెంచదు, తగ్గిస్తుంది. లోపలి నుంచి తిరిగి వచ్చే ఒత్తిడి తరంగమే కొత్త మిశ్రమం బయటికి పోకుండా ఆపుతుంది.

బాడీ కోయకుండా, తీస్తే మళ్లీ పాత రూపం వచ్చేలా చేసుకునే అలంకారాలు ఎన్నో ఉన్నాయి. విడివిడి స్ప్రింగు సీట్లు, ముందు గాలి అద్దం, స్టెప్నీ కవరు, పక్క గార్డులు. వీటిని ఎక్కడెక్కడి నుంచో తెప్పించుకుంటున్నారు గానీ మన చుట్టూ ఉన్న పనితనాన్ని ఎవరూ చూడటం లేదు. పెంబర్తి ఇత్తడి పనివాళ్ల చేత హంసనో, కాకతీయ తోరణాన్నో చిన్న బిళ్లగా చేయించి ముందు భాగాన పెట్టుకోవచ్చు. ఇత్తడి, ఇనుము తడిలో నేరుగా తాకితే ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. కాబట్టి మధ్యలో పలచని రబ్బరు, బోల్టుకు నైలాన్ వాషరు వేయాలి. కొత్తవాడ నేతగాళ్ల దర్రీని సీటు మీదికి కుట్టించుకుంటే ఎండలో రెగ్జిన్‌లా కాలదు. 2018లో వరంగల్ దర్రీకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కానీ దాన్ని ఫ్లోరు మీద పరవకండి, నూలు నీళ్లు పట్టి కింది రేకును తినేస్తుంది. చేర్యాల నకాషీ బొమ్మను డిక్కీ తలుపు మీద వేయించాలనుకునేవారు ముందే చిత్రకారుడికి చెప్పాలి, సంప్రదాయ రంగులు వానకు, పెట్రోలు చుక్కకు నిలవవు. ఆటో పెయింటుతో వేయించి పైన క్లియర్ కోటు కొట్టించాలి.

ఎల్ఈడీ బల్బులు పెట్టేవారికి ఒక్క మాట. ఈ బండ్లలో లైటు మాగ్నెట్ నుంచి వచ్చే ఏసీ కరెంటుతో వెలుగుతుంది, కాబట్టి ఎల్ఈడీ మినుకుమంటుంది, త్వరగా పోతుంది. రెక్టిఫయరు, రెగ్యులేటరు మార్చకుండా అది పెట్టకండి.

కలిసి బయల్దేరాలంటే హన్మకొండ నుంచి పాలంపేట రామప్ప దాకా మంచి దారి ఉంది. పొద్దున ఆరులోపు బయలుదేరితే ఎండ ముదరకముందే చేరవచ్చు. డిక్కీలో రెండు ప్లగ్గులు, ప్లగ్గు స్పానరు, క్లచ్ వైరు ఒకటి, యాక్సిలరేటర్ వైరు ఒకటి, టూటీ ఆయిల్, స్టెప్నీలో గాలి. ఐదారు బండ్లు వెళ్తే అన్నిటికన్నా నెమ్మది బండిని ముందు పెట్టండి. సగం దారిలో పది నిమిషాలు ఆపి ఇంజన్లను చల్లారనివ్వండి.

ఇక విన్నపాలు. ఛాసిస్ ప్రింటు, వారసుల పేరు మార్పు, రెన్యువల్, రంగు మార్పు, వింటేజ్ నంబరు గురించి ఆర్టీఏ ఆఫీసుల్లో తెలుగులో ఒక్క పేజీ రాసి గోడకు అంటిస్తే చాలామంది దళారుల చేతిలో పడరు. అలాగే మన జిల్లాల ఐటీఐలు మెకానిక్ విద్యార్థులకు ఒక టూ స్ట్రోక్ స్కూటర్ ఇంజన్‌ను విప్పి బిగించే అవకాశం ఇవ్వాలి. రీబోరు చేశాక పోర్టు అంచు మొద్దు చేయడం, క్రాంకును గేజీ మీద చూడటం తెలిసిన మెకానిక్‌లు వయసు మీదపడి ఒక్కొక్కరే షట్టర్లు దించుతున్నారు. వాళ్లలో కొందరిని వారానికో పూట పిలిచి పిల్లల ముందు ఇంజన్ విప్పించండి.

ఇట్లు,
పాత స్కూటర్ల అభిమాని,
హన్మకొండ.